ఉప్పు గాలికి తట్టుకునే కాంక్రీటు కట్టించండి: నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీర మండలాల ఇంజినీర్లకు బహిరంగ లేఖ

తీర మండలాల్లో ప్రభుత్వ పనులకు అంచనాలు తయారుచేసే, నాణ్యత చూసే, బిల్లులు సిఫారసు చేసే ఇంజినీర్లందరికీ నమస్కారం.

మైపాడు నుంచి కొత్తపట్నం దాకా సముద్రానికి దగ్గరగా మీరు కట్టించే కట్టడాల్లో, కనీసం ఉప్పు నేరుగా తగిలే భాగాలకైనా, సిలికా ఫ్యూమ్ (విద్యుత్ కొలిమి పొగను వడకట్టగా వచ్చే అతి సన్నని సిలికా పొడి) కలిపిన కాంక్రీటును అంచనాలోనే చేర్చండి. ఆ కాంక్రీటులోకి ఉప్పు ఎంత తేలికగా దిగుతుందో కొలిచే పరీక్షను బిల్లుకు షరతుగా పెట్టండి. నేను కోరేది ఈ రెండే. ఎందుకు కోరుతున్నానో వివరంగా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

నేను సివిల్ ఇంజినీరును. కాంక్రీటు క్యూబులు (బలం చూడటానికి అచ్చులో పోసిన దిమ్మలు) పరీక్షించడం, పాత కట్టడాల్లో లోపం ఎక్కడుందో చూసి చెప్పడం నా పని. ఈ ప్రాంతంలో కొండ పక్క ఊళ్లూ సముద్రం పక్క ఊళ్లూ తిరుగుతుంటాను. ఇంచుమించు ఒకే కాలంలో, ఒకే రకం సిమెంటుతో, ఒకే గ్రేడు కాంక్రీటుతో కట్టిన రెండు భవనాలు చూస్తే, కనిగిరి వైపుది గట్టిగా నిలబడి ఉంటుంది. తీరంలోని దానికి పిల్లర్ల మూలలు పగిలి, పెచ్చులూడి, ఇనుము బయటపడి ఉంటుంది. కాంట్రాక్టరు సిమెంటు తగ్గించాడని ఊళ్లో అనుకుంటారు. కొన్నిచోట్ల అదీ నిజమే. కానీ సిమెంటు సరిగ్గా పడినా, క్యూబులన్నీ పాసైనా తీరంలో కట్టడం చెడిపోతూనే ఉంది. ఆ లోపం పనిలో కన్నా ముందు అంచనాలోనే ఉంటోంది.

మన దగ్గర కాంక్రీటు మంచిచెడ్డలు తేల్చేది పోసిన 28 రోజులకు పగలగొట్టి చూసే క్యూబు. ఆ క్యూబు ఎంత బరువు మోయగలదో చెబుతుంది. దాని గుండా ఉప్పు ఎంత వేగంగా లోపలికి పోతుందో చెప్పదు. కనిగిరిలో ఆ రెండో ప్రశ్న అంతగా అవసరం లేదు. మైపాడులో, ఇస్కపల్లి ఉప్పు మడుల పక్కన, జువ్వలదిన్నెలో, పాకలలో అసలు ప్రశ్న అదే.

మన ప్రమాణం ఈ మాట ఎప్పుడో చెప్పింది. కాంక్రీటుకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 456:2000 ప్రకారం తీర వాతావరణంలో ఉన్న కాంక్రీటు 'తీవ్రం' అనే తరగతిలోకి వస్తుంది. ఇనుము వేసిన కాంక్రీటుకు అక్కడ కనీసం ఎం30 గ్రేడు (అంకె పెరిగితే బలం ఎక్కువ) ఉండాలి. నీరు–సిమెంటు నిష్పత్తి 0.45 దాటకూడదు. ఘనపు మీటరుకు సిమెంటు 320 కిలోలకు, కవరు (ఇనుము మీద ఉండే కాంక్రీటు మందం) 45 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. సముద్రపు తుంపర పడేచోట, ఉప్పు భూగర్భ జలంలో పునాది మునిగేచోట 'అతి తీవ్రం': ఎం35, 340 కిలోలు, 50 మిల్లీమీటర్లు. ఆటుపోట్లు తగిలే భాగాలు 'అత్యంత తీవ్రం': ఎం40, నిష్పత్తి 0.40, సిమెంటు 360 కిలోలు, కవరు 75 మిల్లీమీటర్లు. ఇవన్నీ మీకు కంఠతా వచ్చిన విషయాలే. అయినా ఉప్పుటేరు గట్టున కట్టే భవనానికి కూడా ఎం20 అని, 25 మిల్లీమీటర్ల కవరు అని రాసిన అంచనాలు నా చేతికి వస్తూనే ఉన్నాయి. లోతట్టు మండలానికి వేసిన అంచనాలో ఊరి పేరు మార్చి తీర మండలానికి వాడుకుంటే జరిగేది ఇదే.

ఒక తీర గ్రామంలో రక్షిత మంచినీటి ట్యాంకును పరీక్షించినప్పుడు చూసినది చెబుతాను. కింది వలయపు బీము మీద సన్నని నిలువు పగుళ్లు, పగుళ్ల వెంట గోధుమ రంగు చారలు ఉన్నాయి. సుత్తితో తడితే కొన్నిచోట్ల బోలుగా మోగింది. ఆ పెచ్చు తీసి, అప్పుడే విరిగిన ముఖం మీద ఫినాఫ్తలీన్ చల్లాము. ఇనుము దాకా ముదురు గులాబీ రంగు వచ్చింది. అంటే కాంక్రీటులో క్షారగుణం చెక్కుచెదరలేదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు దాన్ని దెబ్బతీయలేదు. పక్కనే ఇంకో ముక్క మీద సిల్వర్ నైట్రేట్ చల్లితే పై నుంచి ఇనుము దాకా తెల్లగా తేలింది, గోధుమ రంగుకు తిరిగిన భాగమే లేదు. ఉప్పులోని క్లోరైడు ఉన్నచోటే అలా తెల్లబడుతుంది. ఇనుమును కాపాడవలసిన క్షారం అక్కడే ఉంది, అయినా ఇనుము సగానికి సన్నబడింది. ఆ పని రికార్డులో క్యూబుల ఫలితాలన్నీ పాసు.

దీని వెనుక ఉన్న రసాయనం చిన్నది. కాంక్రీటు లోపల పీహెచ్ 12.5 పైన ఉంటుంది కాబట్టి ఇనుము మీద కంటికి కనిపించని ఆక్సైడు పొర ఏర్పడి తుప్పును ఆపుతుంది. క్లోరైడు అక్కడికి చేరితే పీహెచ్ తగ్గకపోయినా ఆ పొరకు చిల్లులు పడతాయి. తుప్పు తాను పుట్టిన ఇనుము కన్నా రెండు నుంచి ఆరు రెట్లు ఎక్కువ చోటు తీసుకుంటుంది. ఆ ఒత్తిడికి కవరు పగులుతుంది, పగులులోంచి ఇంకా ఉప్పు, ఇంకా తేమ దిగుతాయి. అప్పటి నుంచి చెడిపోవడం చాలా వేగంగా సాగుతుంది. కాబట్టి చేయగలిగిందల్లా ఉప్పు ఇనుము దాకా చేరే కాలాన్ని పొడిగించడమే. అందుకు కవరు మందంగా ఉండాలి, ఆ కవరులోని కాంక్రీటు ఉప్పును దిగనీయకుండా ఉండాలి. సిలికా ఫ్యూమ్ పని ఈ రెండో దానిలో.

సిలికా ఫ్యూమ్ ముడిసరుకు మన సైదాపురం వైపు గనుల్లో దొరికే తెల్లరాయే, క్వార్ట్జ్. సిలికాన్ లోహం, ఫెర్రోసిలికాన్ తయారుచేసే విద్యుత్ కొలిమిలో క్వార్ట్జ్‌ను బొగ్గుతో కలిపి సుమారు 2000 డిగ్రీల వేడికి గురిచేస్తారు. అందులోంచి లేచిన సిలికాన్ మోనాక్సైడు ఆవిరి పైన గాలి తగలగానే సిలికాగా మారి, చల్లబడి, అతి చిన్న గాజు గోళాలవుతుంది. ఒకప్పుడు ఆ పొగను ఆకాశంలోకి వదిలేసేవారు. 1950ల తొలినాళ్లలో నార్వే పరిశోధకులు దాన్ని కాంక్రీటులో కలిపి, ఓస్లో నగరం కింద సల్ఫేటు నిండిన ఆమ్ల జలాల్లో ఉంచి పరీక్షించారు. 1970లలో పర్యావరణ చట్టాలు బిగిసి, పొగను వడకట్టి పట్టడం తప్పనిసరి అయ్యాక అది సరుకుగా మార్కెట్లోకి వచ్చింది. మన దేశంలో దీనికి 2003 నుంచి ఐఎస్ 15388 ప్రమాణం ఉంది. సిలికా కనీసం 85 శాతం, ఉపరితల వైశాల్యం గ్రాముకు కనీసం 15 చదరపు మీటర్లు ఉండాలని అది చెబుతుంది. మామూలు సిమెంటుకు ఆ వైశాల్యం గ్రాముకు సుమారు మూడో వంతు చదరపు మీటరే ఉంటుంది.

ఇది కాంక్రీటులో రెండు రకాలుగా పనిచేస్తుంది. కంకర సందుల్లో ఇసుక, ఇసుక సందుల్లో సిమెంటు సర్దుకుంటాయి. సిమెంటు రేణువుల మధ్య సందులను మామూలుగా నీరు నింపుతుంది, ఆ నీరు పోయాక రంధ్రాలు మిగులుతాయి. సిలికా ఫ్యూమ్ రేణువు సిమెంటు రేణువులో నూరో వంతు ఉంటుంది. 15 శాతం సిమెంటును తీసి దీన్ని వేస్తే ఒక్కో సిమెంటు రేణువుకు దాదాపు 20 లక్షల సిలికా ఫ్యూమ్ రేణువులు వస్తాయని లెక్క. ఆ సందుల్లోకి అవి చేరతాయి.

రెండోది రసాయన చర్య. సిమెంటు నీటితో కలిసినప్పుడు బలాన్నిచ్చే కాల్షియం సిలికేట్ హైడ్రేట్ జిగురుతోపాటు కాల్షియం హైడ్రాక్సైడు కూడా పుడుతుంది. అంటే మన తడి సున్నమే. గట్టిపడిన సిమెంటు ముద్దలో దాని పాలు ఇరవై, ఇరవై అయిదు శాతం దాకా ఉంటుంది. దానివల్ల బలం పెద్దగా రాదు, పైగా నీటికి కరుగుతుంది, సల్ఫేటుకు తేలికగా లోబడుతుంది. సిలికా ఫ్యూమ్ ఆ సున్నాన్ని పట్టుకుని మళ్లీ అదే జిగురుగా మారుస్తుంది. థర్మల్ కేంద్రాల బూడిద అయిన ఫ్లైయాష్ కూడా ఈ పనే చేస్తుంది కానీ నెలల తరబడి తీరిగ్గా చేస్తుంది. సిలికా ఫ్యూమ్ మొదటి నాలుగు వారాల్లోనే పనిలో ఎక్కువ భాగం ముగిస్తుంది. 3 రోజుల నుంచి 28 రోజుల మధ్య బలం స్పష్టంగా పెరిగేది ఇందుకే.

నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైన మార్పు కంకర రాయి చుట్టూ జరుగుతుంది. మామూలు కాంక్రీటును వైబ్రేట్ చేసినప్పుడు నీరు పైకి లేస్తూ కంకర అడుగున, ఇనుము అడుగున చిక్కుకుంటుంది. రాయి చుట్టూ వెంట్రుక కన్నా సన్నని బలహీనమైన పొర మిగులుతుంది. అందులో సున్నపు స్ఫటికాలూ రంధ్రాలూ ఎక్కువ. క్యూబు పగిలేటప్పుడు పగులు రాయిని చుట్టి పోయేది ఈ పొర వెంటే, ఉప్పు నీరు దారి చూసుకునేదీ ఈ పొర వెంటే. సిలికా ఫ్యూమ్ ఉన్న కాంక్రీటులో నీరు పైకి తేలదు, రాయి చుట్టూ ఆ పొర దాదాపు మాయమవుతుంది. అలాంటి క్యూబును పగలగొట్టి చూడండి: చీమకుర్తి కంకర రాళ్లు చుట్టూ ఊడిరావడం తగ్గి, నడిమికి చీలిపోయి కనిపిస్తాయి. అతుకు రాయితో సమానంగా గట్టిపడిందన్నమాట. దాని రంగు కూడా మామూలు దానికన్నా ముదురు బూడిదగా ఉంటుంది.

ఇక ఉప్పు సంగతి. క్లోరైడు పరీక్షలో 100 మిల్లీమీటర్ల వ్యాసం, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న బిళ్లను తీసుకుని, ఒక పక్క ఉప్పు నీళ్లు, ఇంకో పక్క సోడియం హైడ్రాక్సైడు ద్రావణం ఉంచి, 6 గంటలపాటు 60 వోల్టులు ఇస్తారు. దాటిన విద్యుదావేశాన్ని కూలుంబుల్లో లెక్కిస్తారు. 4000 దాటితే ఉప్పు చాలా తేలికగా దిగుతుందని, 2000 నుంచి 4000 అయితే మధ్యస్థమని, 1000 నుంచి 2000 అయితే తక్కువని, 1000 లోపైతే చాలా తక్కువని అర్థం. మామూలు సిమెంటుతో, నీరు కాస్త ఎక్కువ పోసి కలిపిన కాంక్రీటు మొదటి రెండు తరగతుల్లోనే ఉండిపోతుంది. నీటిని అదుపులో పెట్టి 7, 8 శాతం సిలికా ఫ్యూమ్ కలిపితే 1000 కిందికి దింపడం కష్టమేమీ కాదు. జాతీయ రహదారుల వంతెనలకు 56 రోజుల వయసులో తీవ్ర పరిస్థితికి 1500, అతి తీవ్రానికి 1200, అత్యంత తీవ్రానికి 800 కూలుంబులు అని పరిమితులు ఉన్నాయి. రహదారి దిగి సముద్రం వైపు పోయే పల్లె రోడ్డు మీది కల్వర్టుకు తగిలే ఉప్పు అంతకన్నా ఎక్కువే. దానికీ ఆ పరిమితి ఎందుకు పెట్టకూడదు?

పెద్ద పనుల్లో ఇది పాత సంగతి అయిపోయింది. ముంబయిలో బాంద్రా–వర్లీ సముద్రపు వంతెనకు, కర్ణాటకలో కైగా అణువిద్యుత్ కేంద్రం గోపురానికి సిలికా ఫ్యూమ్ కాంక్రీటు వాడారు. దుబాయిలో బుర్జ్ ఖలీఫా పునాది పైల్స్ చుట్టూ ఉన్న భూగర్భ జలంలో సముద్రం కన్నా ఎక్కువ ఉప్పు ఉంది. అక్కడ 25 శాతం ఫ్లైయాష్, 7 శాతం సిలికా ఫ్యూమ్ కలిపి, నీటి నిష్పత్తిని 0.32 దగ్గర ఉంచారు. ఆ మిశ్రమం మనకు మంచి పాఠం. ఫ్లైయాష్ కాంక్రీటును మెత్తగా పారనిస్తుంది, వేడిని తగ్గిస్తుంది, ధర తగ్గిస్తుంది. సిలికా ఫ్యూమ్ తొలి బలాన్ని, బిగువును ఇస్తుంది. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. ఫ్లైయాష్ కోసం మనం ఎక్కడికీ పోనవసరం లేదు, కృష్ణపట్నం పక్కన నేలటూరులో దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రం ఉంది. నా సలహా అయితే తీరంలో పెద్ద పనులకు సిమెంటు, ఫ్లైయాష్, సిలికా ఫ్యూమ్ మూడూ కలిపిన మిశ్రమమే.

జలవనరుల వైపు వారికి ఇక్కడే ఒక మాట. సిలికా ఫ్యూమ్ ఉప్పుకే కాదు, రాపిడికీ నిలబడుతుంది. అమెరికాలోని పెన్సిల్వేనియాలో కింజువా ఆనకట్ట కింద నీరు దూకే స్టిల్లింగ్ బేసిన్‌లో రాళ్లూ ఇసుకా సుడులు తిరిగి కాంక్రీటును అరగదీసేవి. చేసిన మరమ్మతులూ నిలవలేదు. 1983లో అక్కడ సిలికా ఫ్యూమ్ కాంక్రీటు వేశారు. ఆనకట్టల మరమ్మతుల్లో ఇప్పటికీ దాన్ని ఉదాహరణగా చెబుతారు. 2021 నవంబరులో పెన్నా వరద సోమశిల ఆనకట్ట దిగువ కాంక్రీటు నేల అయిన ఆప్రాన్‌ను ఎలా దెబ్బతీసిందో మీకు నాకన్నా బాగా తెలుసు. వరద కోతకు కాంక్రీటు ఒక్కటే మందు కాదు, పునాదీ రాయీ నీటి వేగమూ అన్నీ చూడాలి. కానీ పైపొరగా వేసే కాంక్రీటు ఏదో నిర్ణయించేటప్పుడు ఈ పేరు చర్చకు రావాలి.

ఇంత చెప్పాక జాగ్రత్తలు చెప్పకపోతే తప్పు. సిలికా ఫ్యూమ్‌ను అజాగ్రత్తగా వాడితే మామూలు కాంక్రీటు కన్నా హీనమైన పని తేలుతుంది. నేను అలాంటి స్లాబులూ చూశాను.

మొదటిది నీరు. అంత సన్నని పొడి నీటిని విపరీతంగా పీలుస్తుంది. కాంక్రీటు జిగురుగా, బరువుగా అనిపిస్తుంది. మిల్లరు దగ్గర మనిషికి వెంటనే చెయ్యి బకెట్టు మీదికి పోతుంది. ఆ ఒక్క బకెట్టుతో పెట్టిన ఖర్చంతా వృథా అవుతుంది. కాబట్టి సూపర్ ప్లాస్టిసైజర్ (నీరు పెంచకుండా కాంక్రీటును పారేలా చేసే మందు) లేకుండా సిలికా ఫ్యూమ్ కలపనివ్వకండి. స్లంపు (తడి కాంక్రీటు ఎంత జారుతుందో చెప్పే కొలత) కూడా మామూలు కాంక్రీటుకు పెట్టేదానికన్నా 40, 50 మిల్లీమీటర్లు ఎక్కువ పెట్టుకోవాలి, అప్పుడే పనివాళ్ల చేతికి అది అంతే తేలికగా అనిపిస్తుంది. మోతాదు సిమెంటు బరువులో 5 నుంచి 10 శాతం చాలు. ఎక్కువ వేస్తే ఇంకా మంచిదనుకోవడం పొరపాటు. నీటి అవసరం పెరుగుతుంది, పగుళ్లు పెరుగుతాయి, ఇనుమును కాపాడే సున్నం మరీ తగ్గిపోతుంది.

రెండోది కలపడం. రవాణా సౌలభ్యం కోసం ఈ పొడిని చిన్న చిన్న గుళికలుగా చేసి బస్తాల్లో నింపుతారు. ఆ గుళికలు మిల్లరులో పూర్తిగా విడిపోవాలి. ఒక పనిలో పగలగొట్టిన క్యూబు లోపల ఆవగింజంత ముదురు మచ్చలు కనిపించాయి. గోటితో గీకితే మెత్తగా పొడి రాలింది. అవన్నీ విడిపోని గుళికలే. అక్కడ సిలికా ఫ్యూమ్ చేసిన మేలు ఏమీ లేదు, బలహీనమైన గింజలు మాత్రం మిగిలాయి. కంకర, సిలికా ఫ్యూమ్, కొంత నీరు ముందు వేసి తిప్పితే కంకర రాపిడికి గుళికలు నలుగుతాయి. ఆ తర్వాతే సిమెంటు, ఇసుక. మామూలు కన్నా ఎక్కువ సేపు తిప్పాలి. చేతితో కలిపే పనికి, ఒక బస్తా చిన్న మిల్లరుకు నేను దీన్ని సిఫారసు చేయను. రెడీమిక్స్ ప్లాంటు నుంచి తెప్పించండి, లేదా బరువు తూచి వేసే బ్యాచింగ్ ప్లాంటు ఉన్న పనికే రాయండి.

మూడోది, మన ఎండలకు అన్నిటికన్నా పెద్దది, క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటును తడి ఆరకుండా ఉంచడం. మామూలు స్లాబు మీద కాసేపటికి నీరు తేలుతుంది, ఆ తడి ఎండను కొంత ఆపుతుంది. సిలికా ఫ్యూమ్ స్లాబు మీద నీరు తేలదు. ఒంగోలులో మే నెల మధ్యాహ్నం, పడమటి గాలి వీస్తుంటే, ఆ పైముఖం కళ్లముందే ఎండిపోయి, కాంక్రీటు గట్టిపడకముందే పగుళ్లిస్తుంది. నీళ్లు కట్టడం మర్నాడు మొదలుపెడదామంటే కుదరదు. పోసిన కాంక్రీటును ఎక్కువ రుద్దకుండా ముగించి, వెంటనే సన్నని తుంపర చల్లుతూ ఉండాలి. లేదా పాలిథిన్ షీటు కప్పాలి. గట్టిపడగానే తడి గోనె పట్టాలు వేయాలి. పోత తెల్లవారుజామున గానీ సాయంత్రం గానీ పెట్టుకోవాలి. ఖనిజ మిశ్రమాలు వాడిన కాంక్రీటుకు 14 రోజుల క్యూరింగ్ మంచిదని మన ప్రమాణమే చెబుతోంది. దాన్ని పుస్తకంలో రాసే అంకెగా వదిలేయకుండా, తడిసిన పట్టాలను మీరు వెళ్లి చేత్తో ముట్టుకుని చూడండి.

ఇంకా కొన్ని. మార్కెట్లో దొరికే పీపీసీ సిమెంటులో 15 నుంచి 35 శాతం ఫ్లైయాష్ అప్పటికే ఉంటుంది. ఎంత ఉందో ఖచ్చితంగా తెలియకుండా దాని మీద సిలికా ఫ్యూమ్ కలిపి లెక్క తప్పకండి. ఓపీసీ (ఫ్లైయాష్ కలపని మామూలు సిమెంటు) తీసుకుని, ఫ్లైయాష్, సిలికా ఫ్యూమ్ విడిగా తూచి కలిపితే ఏది ఎంత పడిందో మన చేతిలో ఉంటుంది. మైక్రో సిలికా అని పేరు పెట్టి మెత్తగా నూరిన క్వార్ట్జ్ పొడి అంటగట్టే వ్యాపారుల విషయంలోనూ అప్రమత్తంగా ఉండండి. క్వార్ట్జ్ స్ఫటికం, అది సున్నంతో చర్య జరపదు, సందులు నింపుతుందంతే. కొలిమి పొగలోని సిలికాకు స్ఫటికరూపం లేదు, దాని చురుకుదనమంతా అక్కడే ఉంది. ప్రతి లాటుకూ ఐఎస్ 15388 పరీక్షా పత్రం అడగండి. కూలీల విషయం కూడా మర్చిపోవద్దు. క్వార్ట్జ్ దుమ్ముతో వచ్చే సిలికోసిస్ ప్రమాదం దీనికి చాలా తక్కువే అయినా, బస్తా విప్పినప్పుడు లేచే పొడి ఊపిరికి మంచిది కాదు. మాస్కులు ఇప్పించండి.

ఉప్పును మనమే లోపల పెట్టి పోస్తే సిలికా ఫ్యూమ్ ఏమీ చేయలేదు. తీర గ్రామాల్లో చాలా బోర్ల నీళ్లు ఉప్పగా ఉంటాయి. రొయ్యల చెరువుల చుట్టుపక్కల అయితే చెప్పే పనే లేదు. ఇనుము వేసిన కాంక్రీటు కలిపే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. ఏటి ముఖద్వారాల దగ్గర తవ్విన ఇసుకలోనూ ఉప్పు ఉంటుంది. పని మొదలయ్యే ముందు నీటికీ ఇసుకకూ పరీక్ష చేయించండి. ఖర్చు లేని పని, కానీ ఎక్కువసార్లు వదిలేసేది ఇదే. క్యూరింగ్ నీటికీ ఇదే వర్తిస్తుంది. మంచినీళ్లు టాంకరుతో తెప్పించి కాంక్రీటు కలిపి, తర్వాత పద్నాలుగు రోజులు ఉప్పు బోరు నీళ్లతో తడిపిన పనులు చూశాను.

ఖర్చు సంగతి మీరు అడుగుతారని తెలుసు. కిలోకు సిమెంటు కన్నా సిలికా ఫ్యూమ్ ధర కొన్ని రెట్లు ఎక్కువ, ఒప్పుకుంటాను. లెక్క చూద్దాం. ఘనపు మీటరుకు 360 కిలోల సిమెంటు, 8 శాతం మోతాదు అనుకుంటే సుమారు 29 కిలోలు అవుతుంది. 25 కిలోల బస్తా ఒకటి, పైన ఇంకో నాలుగు కిలోలు. భవనం మొత్తానికి ఇది రాయమని నేను అడగడం లేదు. గోడలు, లోపలి స్లాబులు, పైకప్పు నీడన ఉండే భాగాలకు ప్రమాణం చెప్పిన గ్రేడు, కవరు, క్యూరింగ్ సరిగ్గా ఉంటే చాలు. పునాదులు, నేల మట్టం దగ్గర పిల్లర్లు, సముద్రం వైపు ముఖాలు, ఓవర్‌హెడ్ ట్యాంకుల బీములూ కాళ్లూ, ఉప్పుటేరు మీది వంతెనల పిల్లర్లు, డ్రెయిన్ల తూములు, చేపలు దింపే ప్లాట్‌ఫారాలు, హ్యాచరీలకు కట్టే సముద్రపు నీటి తొట్లు: ఇవే నేను అడిగేవి. వీటికయ్యే అదనపు ఖర్చు పక్కన, ముప్పై అడుగుల ఎత్తున పరంజా కట్టి, పెచ్చులు కొట్టి, తుప్పు గీకి, కొత్త ఇనుము అతికి, పాలిమర్ మోర్టారు పూసే మరమ్మతు ఖర్చును కూడా రాసి చూడండి. ఆ మరమ్మతు జరిగినన్నాళ్లూ ఊరికి నీళ్లు ఉండవు. అది ఏ అంచనాలోనూ కనిపించదు.

రామాయపట్నం ఓడరేవు లాంటి పెద్ద పనులకు డిజైన్ చూసే నిపుణులు వేరే ఉంటారు. జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్ 2024 ఆగస్టులో ప్రారంభమైంది. నా ఆందోళన వాటి చుట్టూ, వాటి వెనుక వచ్చే చిన్న పనుల గురించి. అప్రోచ్ రోడ్డు కల్వర్టు, వేలం షెడ్డు, నీళ్ల ట్యాంకు, బడి, ఆరోగ్య ఉపకేంద్రం: వీటికి నిపుణుల సంఘం ఉండదు, మీ అంచనాయే దిక్కు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుపాను ఈ తీరంలో ఇంకా చాలామందికి జ్ఞాపకం. తుపాను వచ్చిన రాత్రి జనం వెళ్లి తలదాచుకునే భవనాలు కూడా ఈ ఉప్పు గాలిలోనే నిలబడి ఉన్నాయి. వాటి పిల్లర్ల మూలలు ఒకసారి చూసి రండి.

అందుకని ఇప్పుడు చేయగలిగినది చేయండి. రాబోయే అంచనాల్లో ప్రతి తీర పనికీ ఐఎస్ 456 ప్రకారం అది ఏ తరగతిలోకి వస్తుందో మొదటి పేజీలోనే రాయండి. అతి తీవ్రం, ఆపైన అయితే సిలికా ఫ్యూమ్‌ను విడి పద్దుగా పెట్టండి, లేకపోతే కాంట్రాక్టరు దాన్ని తన జేబు ఖర్చుగా భావించి తగ్గిస్తాడు. మిక్స్ డిజైన్ (ఏది ఎంత కలపాలనే లెక్క) కోసం ఐఎస్ 10262:2019లో సిలికా ఫ్యూమ్ కలిపిన కాంక్రీటుకు పద్ధతి ఉంది. దాన్ని అనుసరించి, పని జరిగే చోటి కంకర, ఇసుక, నీటితోనే ట్రయల్ మిక్స్ చేయించండి. 28 రోజుల క్యూబులతోపాటు 56 రోజుల క్లోరైడు పరీక్ష అడగండి. స్లాబు పోసే ముందు కవర్ బ్లాకులు కొలిచి ఫోటో తీయించండి. ఈ ఫలితాలన్నీ ఆ ఊరి సచివాలయం బోర్డు మీద పెట్టించండి, చదివేవారు చదువుతారు.

అన్ని పనులకూ ఒకేసారి కుదరదంటే, జిల్లాకొక ఓవర్‌హెడ్ ట్యాంకుతో మొదలుపెట్టండి. నెల్లూరులో గానీ ఒంగోలులో గానీ ట్రయల్ మిక్స్ పెట్టిన రోజు కబురు చేస్తే నేను నా పరికరాలు తెచ్చుకుని వస్తాను. నాకు ఫీజు అవసరం లేదు.

ఇట్లు,
తీర మండలాల్లో కాంక్రీటు పరీక్షలు చేసే ఒక సివిల్ ఇంజినీరు,
కావలి